ఎర్రగళ్ళ శాలువా

రాస్ అల్ ఖైమాలో నేను పనిచేసే లాండ్రీకి నిన్న ఒక స్కాట్లండ్ ఆయన, పెళ్ళిలో కట్టుకోడానికి లంగాలాంటి ఎర్రగళ్ళ కిల్ట్ ఇస్త్రీకి తెచ్చాడు. ఆ గళ్ళ మీద ఇస్త్రీపెట్టె పెట్టడానికి చెయ్యి రాలేదు.

నా చిన్నప్పుడు అమ్మ దుబాయ్‌లో ఒక స్కాట్లండ్ వాళ్ళింట్లో పనిచేసేది. ఒక ఫొటోలో అవే గళ్ళ శాలువా కప్పుకుంది.

"ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళంట. ఇయ్యి ఈళ్ళ ఇంటిపేరోళ్ళయ్యి" అని ఫోన్లో చెప్పింది.

పెళ్ళయి ఇంటిపేరు మారాక మా మేనత్త చుట్టపుచూపుగానే వచ్చేది. అమ్మకీ మారిపోయిందనుకున్నాను.

"ఇంక నువ్వు మా ఇంటికి రావా?"

"ఏసీకి చలేత్తందని మేడమ్ ఇచ్చింది, పిచ్చితల్లీ. ఎండాకాలం సెలవులకి వచ్చేత్తాను."

సెలవులకి అమ్మ వచ్చింది, మేకులు కొట్టిన చెక్కపెట్టెలో. మూత మీద అమ్మ పేరు రాసిన కాగితాన్ని కూడబలుక్కుని చదివాను.

"ఏడవకు నానమ్మా, అమ్మది ఇంకా మన ఇంటిపేరే" అన్నాను.