మూడోసారి తిప్పితే

నోరీన్ హోవర్త్ ఎవరినైనా పేగు స్కాన్ బల్ల మీద మూడోసారి తిప్పిందంటే ఇక వాళ్ళ పని అయిపోయినట్టేనని బ్రాకెన్‌షాలో చెప్పుకునేవారు. వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి, అది అందరికీ ఉండేదే. మొదట గొట్టం పెట్టేటప్పుడు పక్కకు పడుకోవడం లెక్కలోకి రాదు. బొమ్మలు తీశాక మళ్ళీ వచ్చి, "ఇంకోసారి పక్కకు తిరగండి" అన్నదంటే మాత్రం ఆమె కంటికి ఏదో కనబడిందన్నమాట.

"హెరాల్డ్ హిండిల్‌ని తిప్పలా? ఈస్టర్ నాటికి మట్టిలో ఉన్నాడు," అని చేపల కొట్టు ముందు ఒకరు అంటే, వరస చివరిదాకా తలలు ఊగేవి. ఆ వరసలో నోరీన్ కూడా ఉందని ఎవరైనా గమనిస్తే మాట చప్పున వాన మీదికి మళ్ళేది.

నోరీన్ దానికి జవాబు చెప్పేది కాదు. ఎలా చెబుతుంది? ఆసుపత్రిలో చూసినది ఆసుపత్రి గుమ్మం దాటకూడదు. ఊళ్ళో సగంమంది పెద్దపేగుల వంపులు ఆమెకు తెలుసు. వాళ్ళే బస్సులో పక్కన కూర్చుంటే మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతుంది. బేరియం పిండి నీళ్ళు ఎక్కించి ఎక్స్‌రే తీసే రోజుల్లో ఆ పనిలో చేరింది. తరవాత సీటీ యంత్రం వచ్చింది. గొట్టం పెట్టడం, పేగులోకి గాలి నింపడం, అది సరిగ్గా విచ్చుకుందో లేదో చూసుకోవడం, బొమ్మలను మొదట తానే చదివి తనకు తోచినది రాయడం, అన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుంది. ఆమె చదివాక డాక్టర్ పెన్‌రోజ్ వేరేగా కూర్చుని చదువుతాడు. ఇద్దరి కళ్ళూ పడితేగాని ఏ మాటా బయటికి పోదు.

ఆమె ఎక్కడా చదువుకోకుండా నేర్చుకున్న విద్య ఇంకొకటి ఉంది. వాళ్ళమ్మ నూలు మిల్లులో మగ్గం నేసేది. ఆ షెడ్డులో మగ్గాల మోతకు పక్కవాళ్ళ అరుపు కూడా వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ గొంతు పెగల్చకుండా పెదాలు కదిపి మాట్లాడుకునేవారు. ఇంటికొచ్చాక కూడా అమ్మకు ఆ అలవాటు పోలేదు. మొగుడి మీద చాడీలన్నీ కిటికీలోంచే ఎదురింటావిడకు చేరవేసేది. నోరీన్ అమ్మ ఒళ్ళో కూర్చుని ఆ చాడీలతో పాటు ఆ భాషనూ పట్టేసింది. మిల్లు మూతబడింది, అమ్మ పోయింది. స్కాన్ గది అద్దం వెనక మాత్రం ఆ విద్య అప్పుడప్పుడు పనికొచ్చేది.

నవంబరులో, ఊరంతా భోగిమంటల్లా మంటలు వేసుకునే పండగ మర్నాడు, వాల్టర్ ఎంట్విసిల్ వచ్చాడు. అదే షెడ్డులో మగ్గాలు బాగుచేసినవాడు. నోరీన్ నాన్నకు దోస్తు. ఆమెకు చిన్నప్పటి నుంచీ బాబాయే. విరేచనంలో రక్తం పడుతోందని తెలిసీ ఒకసారి రాకుండా ఎగ్గొట్టాడు. ఈసారి కూతురు కారులో తెచ్చి గుమ్మంలో దింపి, లోపలికి వెళ్ళేదాకా కదలలేదు. మిల్లు దుమ్మూ పైపు పొగా కలిసి ఆయన ఊపిరితిత్తులను తినేశాయి. అందుకే డాక్టర్లు లోపలికి కెమెరా గొట్టం పంపడానికి జంకి, ముందు స్కాన్ చేయమన్నారు. అవసరం ఉందని తేలితేనే ఆ గొట్టం.

"నిన్న ఏం తిన్నారు బాబాయ్?"

"మీవాళ్ళు చెప్పిందే. తెల్ల బ్రెడ్డు, ఉడికించిన చేప. ఆ సోంపు వాసన మందు కూడా తాగాను. పగవాడికి కూడా వద్దే అది!"

"మంట దగ్గరికి వెళ్ళలేదా?"

"వెళ్ళాను. చలి కాచుకున్నాను. అంతే."

గొట్టం పెట్టేటప్పుడు ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు: "జామ్ టార్టుల కోసం ముక్కు కారుకుంటూ మా ఇంటికొచ్చేదానివి. నీ చేతిలో ఇలా పడతాననుకోలేదే పిల్లా."

"ఇప్పుడు ముక్కు మీకు కారుతోంది. తుడుచుకోండి, తరవాత కదలకూడదు."

గాలి ఎక్కుతున్నకొద్దీ ఆయన పొట్ట తప్పెటలా బిగిసింది. "పేలిపోతానేమో!"

"పేలరు. కాసేపు బిగబట్టండి. బయటికి వదిలారంటే మళ్ళీ మొదటి నుంచి."

వెల్లకిలా తీసింది. బోర్లా తీసింది. అద్దం వెనక తెర మీద పేగు పెద్ద సొరంగంలా విచ్చుకుంది. సోంపు మందు తాగితే పేగులో మిగిలిన మలినం తెల్లగా రంగు పట్టి తేలిగ్గా తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం రంగు పట్టని గుండ్రని బుడిపెలు నాలుగైదు కనబడ్డాయి. వెల్లకిలా ఉన్నప్పుడు ఒకచోట ఉన్నవి, బోర్లా పడుకునేసరికి ఇంకోచోటికి దొర్లాయి. ఒకటి మాత్రం కాలేయం కింది వంపులో ఉంది. బోర్లా పడుకున్నప్పుడు ఆ వంపు ముడుచుకుపోయింది. అది కదిలిందో లేదో తెలియడానికి వీల్లేదు.

నోరీన్ తలెత్తి చూసింది. అద్దానికి అవతల వాల్టర్ బోర్లా పడుకుని, ముఖం ఇటు తిప్పి, గొంతు రాకుండా పెదాలు కదుపుతున్నాడు. షెడ్డులోనైనా దేవుడితోనైనా ఆయన మాట్లాడే తీరు అదే. "దేవుడా, ఆ బఠాణీలు తినకుండా ఉండాల్సింది. ఈ ఒక్కసారికీ కాచుకో."

మంటల నాడు వెనిగర్ పోసిన నల్ల బఠాణీలు తినకపోతే బ్రాకెన్‌షాలో వాడు మనిషే కాదు. కట్టుడు పళ్ళు వదులైన దగ్గరి నుంచీ వాల్టర్ వాటిని నమలకుండా మింగుతాడని నోరీన్‌కు తెలుసు. దొర్లినవేవో అర్థమైంది. ఆ మిగిలిన ఒక్కటీ కూడా బఠాణీయేనా? అవునని వదిలేస్తే, కాకపోతే ఆయన ప్రాణానికే ముప్పు. కాదని రాస్తే, ఒక బఠాణీ కోసం ఆ ఊపిరితిత్తులతో కెమెరా గొట్టం పెట్టించుకోవాలి.

ఆమె లోపలికి వెళ్ళింది. "బాబాయ్, ఇంకొక్కసారి. ఎడమ పక్కకు తిరగండి."

వాల్టర్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "తిరగను."

"ఎందుకని?"

"నాకు తెలియదనుకున్నావా? హెరాల్డ్‌నీ ఇలాగే తిప్పావు. గొట్టం తియ్యి. ఉన్న నాలుగు రోజులూ తెలియకుండానే బతుకుతాను."

ఒక్క మాటతో ఆయన భయం తీరిపోయేది. ఆ మాట నోరీన్ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగింది.

"హెరాల్డ్ గారి లోపలి సంగతి మీకు చెప్పమంటారా? చెబుతాను. రేపు మీ సంగతి బౌలింగ్ క్లబ్బులో అందరికీ చెప్పనిస్తారా మరి?"

"ఛ, ఛ! ఆ క్లబ్బులోనా? నా పరువేం కాను?"

"కదా. ఆయన్ని వదిలేయండి. మీ సంగతే మాట్లాడుకుందాం. రాత్రి బఠాణీలు ఎన్ని గిన్నెలు?"

వాల్టర్ తలెత్తి యంత్రం కేసి చూశాడు. "అది కూడా కనబడుతుందా ఈ మిషన్‌లో?"

"మిషన్‌లో కాదు. మీ పెదాల మీద. అమ్మ మీ షెడ్డులోనే పని చేసిందని మరిచిపోయారా?"

ఆయన సిగ్గుపడుతూ, "రెండు గిన్నెలే," అన్నాడు. "రెండోది చిన్నది."

నోరీన్ స్టూలు లాక్కుని ఆయన తల దగ్గర కూర్చుంది. "వినండి. బఠాణీకి కాళ్ళు లేకపోయినా దొర్లుతుంది. మనిషి తిరిగితే అదీ కిందికి జారుతుంది. పేగు గోడకు పుట్టుకొచ్చినది ఉందనుకోండి, అది ఎటు తిప్పినా ఉన్నచోటే ఉంటుంది. ఒక మూల ముడుచుకుపోయి నాకు కనబడటం లేదు. కుడి పక్క పైకి వస్తే గాలి అక్కడికి ఎక్కి అది విచ్చుకుంటుంది. ఏదో చూసి తిరగమనడం లేదు బాబాయ్, చూడలేక తిరగమంటున్నాను. బఠాణీని పట్టుకుని డాక్టర్ దగ్గరికి పంపానంటే ఈ ఊళ్ళో నేను తలెత్తుకోగలనా?"

వాల్టర్‌కు నవ్వొచ్చింది. నవ్వు వెంట పెద్ద చప్పుడుతో గాలి కొంత బయటికి పోయింది. "ఇదుగో, దీనికీ నువ్వే బాధ్యురాలివి," అన్నాడు.

"ఫరవాలేదు, మళ్ళీ నింపుతాను."

ఆమె చెయ్యి అందించేలోపే ఆయన బల్ల అంచు వదిలి, మూలుగుతూ, తనంతట తానే ఎడమ పక్కకు తిరిగాడు.

వంపు విచ్చుకుంది. మిగతావన్నీ ఎడమకు జారిపోయాయి. అది మాత్రం ఉన్నచోటే ఉంది, గోడకు అంటుకుని, చిన్న కాడ మీద.

నోరీన్ తెర మీద దాని కొలత గుర్తుపెట్టింది. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా లోపలికి వెళ్ళి గొట్టం తీసింది, దుప్పటి కప్పింది.

"బఠాణీయేనా?" అన్నాడు వాల్టర్.

"చాలావరకు బఠాణీలే. అన్నీ అని ఇప్పుడే అనలేను. నేను చదవాలి, డాక్టర్ చదవాలి. వాళ్ళు పిలిస్తే మాత్రం ఈసారి ఎగ్గొట్టకండి. నాకోసం."

వాల్టర్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆయనకూ ఆ షెడ్డు చదువు ఉంది. కానీ ఆమె పెదాలు కదలలేదు. "సరేలే," అన్నాడు.

డాక్టర్ పెన్‌రోజ్ వేరేగా చదివి అదే వంపు దగ్గర అదే రాశాడు. ఊపిరితిత్తుల డాక్టరును పక్కన పెట్టుకుని జాగ్రత్తగా కెమెరా గొట్టం పంపారు. ఆ కండ పిలకను కాడ దగ్గర కోసేశారు. అది ఇంకా క్యాన్సర్ కాలేదు. వదిలేసి ఉంటే అయ్యేదే అన్నారు.

వసంతంలో, బంతులు దొర్లించే బౌలింగ్ ఆటకు పచ్చిక తెరిచిన రోజు, వాల్టర్ క్లబ్బులో టీ కప్పు పట్టుకుని అందరికీ చెప్పాడు. తన పరువు సంగతి ఆయనకు అప్పుడు గుర్తు రాలేదు. "మూడుసార్లు తిప్పింది నన్ను! ఇదుగో, నిలబడే ఉన్నాను." నోరీన్ కిటికీ దగ్గర కేకు ముక్క తింటూ తలొంచుకుంది.

"నీ అదృష్టం," అన్నాడు పక్కనున్న ఒకాయన. "మరి హెరాల్డ్ సంగతో?"

ఖాళీ కప్పులు ఏరుతున్న ఈడ్నా హిండిల్ ఆగింది. హెరాల్డ్ భార్య ఆవిడే.

"ఏమిటి హెరాల్డ్ సంగతి?"

వాల్టరే నసుగుతూ ఊళ్ళో అనుకునే మాట చెప్పాడు.

"మా ఆయన పేగు అద్దంలా ఉందన్నారు," అంది ఈడ్నా. "సోఫా మేడ మీదికి మోస్తూ గుండె ఆగి పోయాడు. వద్దని మొత్తుకున్నాను, విన్నాడా! ఇన్నాళ్ళూ నన్ను ఒక్కరైనా అడిగారా?"

"మరి మూడోసారి ఎందుకు తిప్పినట్టు?"

ఈడ్నా కప్పులు పళ్ళెంలో పెట్టుకుంది.

"ఆ వేళ ఆయనకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. బొమ్మ చెదిరిపోయింది."