పాప ఆడని ఖోఖో

మా పాప మూడో తరగతిలో ఉండగా బుధ, శుక్రవారాల్లో దానికి గేమ్స్ పీరియడ్ ఉండేది. నేను సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తాను. మధురవాడలో మా ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. ఆ రెండు రోజులూ చెప్పులు విప్పుతూనే అడిగేదాన్ని, ఏం ఆడించారని.

అది కాళ్ళు ఊపుకుంటూ చెప్పేది. ఖోఖోలో ముగ్గుర్ని అవుట్ చేసిందట. రిలేలో కర్ర జారిపోతే వెనక్కి పరిగెత్తి తీసుకుందట. పదో తరగతి దాకా మా ఊరి హైస్కూల్లో నేనూ ఖోఖో ఆడినదాన్నే. జిల్లా పోటీలకి ఎంపికైతే మా నాన్న పంపలేదు. అందుకేనేమో, దాని మాటలు ఎంత విన్నా తనివి తీరేది కాదు. ఆ జూన్‌లో పాప ఒకసారి స్కూలు గ్రౌండ్‌లో పడితే గడ్డం కింద రెండు కుట్లు పడ్డాయి. మానిపోయాక నేనా సంగతే మరిచిపోయాను.

పేరెంట్స్ మీటింగ్‌కి ఎప్పుడూ మా ఆయనే వెళ్ళేవారు. డిసెంబరులో ఆయనకి అచ్యుతాపురం కంపెనీలో డ్యూటీ పడింది. నేను వెళ్ళాను. క్లాస్ టీచర్‌తో మాట్లాడాక, గ్రౌండ్‌లో ఉన్న పీఈటీ మేడమ్ దగ్గరికి వెళ్ళి, "మా పాపకి మీ పీరియడ్ అంటే ప్రాణమండీ" అన్నాను.

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "మీ పాప గ్రౌండ్‌లోకి రాదు కదండీ. గుండె జబ్బని మీరే రాసిచ్చారు. లైబ్రరీలో కూర్చోబెడతాం."

ఫైలు తెచ్చి చూపించింది. ఉత్తరం మా ఆయన దస్తూరీ. కింద ఆయన సంతకం. పక్కన నాది. నేను పెట్టని నా సంతకం.

ఆ సాయంత్రం ఆయన రాగానే ఫోన్‌లో తీసుకున్న ఆ ఉత్తరం ఫోటో ముందు పెట్టాను. "ఇదేటి?"

ఆయన తడబడలేదు. "జూన్‌లో పడిపోనాది గదా. మాయమ్మ మూడ్రోజులు అన్నం ముట్లేదు. నీకు సెప్తే ఒప్పుకుంతావేటి?"

"నా సంతకం సంగతేటి?"

"ఇద్దరిదీ ఉండాలన్నారు. పెట్టీసేను."

వంటింట్లోంచి అత్తగారు అన్నారు, "ఆడపిల్ల మొకమ్మీద మచ్చ పడితే రేపు సంబందాలు నువ్వు సూస్తావేటమ్మా? నానే రాయమన్నాను."

పాప తలుపు వెనక నిలబడి ఉంది. ఆ కథలన్నీ ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ కిటికీలోంచి కనపడతారు కదా. వాళ్ళు ఆడిందే నేను ఆడినట్టు చెప్పేదాన్ని." నా మొహంలోకి చూసి, "నువ్వు నవ్వుతావని" అంది.

దాన్ని తిట్టలేకపోయాను. దగ్గరికి తీసుకోనూ లేకపోయాను. ఆరు నెలలు ముగ్గురూ ఒక మాట మీద ఉన్నారు. అదే ఇంట్లో నేను అన్నం వండి వడ్డించాను.

సోమవారం మా క్లినిక్ డాక్టరుగారి చేత పాప గుండె బాగుందని రాయించి స్కూల్లో ఇచ్చాను. మొదటి వారం సగం రౌండుకే ఆయాసపడి కూర్చుండిపోయింది. దాన్ని ఎవరూ ఏ జట్టులోకీ పిలవలేదు. పీఈటీ మేడమే ప్రతి పీరియడ్‌లో పక్కన పరిగెత్తి, కొద్దికొద్దిగా దూరం పెంచింది. ఇప్పుడు అది ఇంటికొచ్చి ఆటల గురించి చెప్పదు. నేనూ అడగను.

ఫిబ్రవరిలో స్పోర్ట్స్ డేకి ముగ్గురం వెళ్ళాం. వంద మీటర్ల పరుగులో పాప చివరగా వచ్చింది. కానీ ఆగకుండా గీత దాటింది. అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. మా ఆయన చప్పట్లు కొట్టి, నవ్వుతూ నా వైపు తిరిగారు. "సూసేవా, ఎలా పరిగెట్టిందో" అన్నారు.

నేను లేచి నీళ్ళ సీసా పట్టుకుని పాప దగ్గరికి నడిచాను.