చేతులు వెనక్కి పెట్టుకుని

ఈ ఉదయం గురుగ్రామ్‌లోని మా ఆసుపత్రి సర్వర్ గది తలుపు తీయగానే ఆ పాత చల్లగాలి మొహాన కొట్టింది. నా చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్లాయి. ఎస్తేరు మేడమ్ పోయి చాలా కాలమైంది. ఆవిడ నేర్పిన అలవాటు మాత్రం నన్ను వదల్లేదు.

మేడమ్ మా కంప్యూటర్ విభాగానికి పెద్ద. వాళ్లమ్మ కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చి నర్సుగా స్థిరపడిన మనిషి. పుండును ముందు చేతులు వెనక్కి పెట్టుకుని చూడాలని, ఆ తర్వాతే ముట్టుకోవాలని కూతురికి నేర్పిందట. కూతురు ఆ పద్ధతిని డిస్కుల దగ్గరికి తెచ్చింది. ఏ తేడా వచ్చినా మేమంతా కీబోర్డుకు దూరంగా, బడిలో తప్పు చేసిన పిల్లల్లా నిలబడి చూడాల్సిందే. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఓపీ కిటకిటలాడుతుండగా కొన్ని స్కాన్లు సగమే తెరుచుకున్నాయి. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే వివరాలు చెడిపోయాయని అర్థమై, మరమ్మతు మొదలుపెట్టబోయాను.

"చెయ్యి తియ్, అమ్మాయ్. నడుస్తున్న డిస్కు మీద రిపేరు కొడితే ఉన్నది కూడా పోద్ది," అన్నారు మేడమ్.

ఇంతలో మేనేజరు రావుగారు పరుగున వచ్చారు. "బంద్ కరో మేడమ్. మొత్తం ఆపేసి చెక్ చేయండి."

"థియేటర్‌లో చిన్నపిల్లకి తల ఆపరేషన్ జరుగుతోంది సార్. డాక్టరుగారు దాని స్కాన్ చూస్తూ చేస్తున్నారు. నేను ఆపను."

మేడమ్ ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో అలాగే ఒక కదలని నకలు తీయించారు. అసలు డిస్కు తన పని తాను చేసుకుంటుంటే, ఆ నకలును నన్ను సరిచూడమన్నారు. కొత్త స్కాన్లను వేరే డిస్కుకు మళ్లించారు. నకలులో తప్పు బయటపడింది. డిస్కులో ఒక్కో చోటును రెండేసి ఫైళ్లు తమదంటే తమదంటున్నాయి. ఆ ఫైళ్లలో పిల్ల స్కాన్ ఉంటే ఏం చేయాలి? జాబితా మొత్తం వెతికాను.

"లేదు మేడమ్."

"ఇంకోసారి చూసి చెప్పు."

చూశాను. నిజంగానే లేదు.

పిల్లను క్షేమంగా ఐసీయూకి మార్చాకే డిస్కు ఆపి బాగుచేశాం. అప్పుడు నా చూపు మేడమ్ వీపు వెనక్కి పోయింది. ఆవిడ చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి, అయినా వణుకుతున్నాయి. ఆవిడకూ భయం వేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు ప్రాణం.

ఈ ఉదయం మళ్లీ అదే తేడా. పై అంతస్తు థియేటర్‌లో ఎవరికో ఆపరేషన్ జరుగుతోంది. స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లోంచి ఆసుపత్రి పై అధికారులు వెంటనే ఆపేయమంటున్నారు.

"ముందు చూస్తాను సార్. ఆపను," అన్నాను.

వెనకాల నా వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. గొంతు వణకలేదు.