రెప్పకింద దిగిన గాలం

నిర్మల్ జిల్లాలో, గోదావరి ఒడ్డున, వల విసిరి బతికే ఇంట్లో పుట్టాడు హన్మాండ్లు. ఖతర్‌కు వచ్చి పదమూడేళ్ళు. సైట్లలో పైపులు బిగించి స్కాఫోల్డింగ్ కట్టడం అతని పని. శుక్రవారం క్యాంపులో అందరూ ఫోన్లు చూస్తూ పడుకుంటే, అతను మాత్రం రొయ్యముక్కల డబ్బా, తంగూసు దారం చుట్ట పట్టుకుని అల్ ఖోర్ తీరానికి పోయేవాడు.

ఒక శుక్రవారం పొద్దున అతను ఎప్పుడూ కూర్చునే చోటికి ఎదురుగా మోకాలిలోతు నీళ్ళలో ఒకావిడ నిలబడి ఉంది. సన్నటి కర్రను తలమీదుగా వెనక్కీ ముందుకీ ఊపుతోంది. పసుపుపచ్చటి లావు దారం గాల్లో బారుగా సాగి నీళ్ళమీద వాలుతోంది. అలా చేపలు పట్టడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆవిడ ఫోనెత్తి, "ఒక్కటీ పడలేదే, ఇంటికొచ్చేస్తాను" అని తెలుగులో అనేసరికి మరీ తెల్లబోయాడు.

ఆమె పేరు విజయరాణి. ఊరు కాకినాడ. గ్యాస్ కంపెనీ ల్యాబులో ఉద్యోగం. స్కాట్లండ్‌లో చదువుకునేటప్పుడు ఏటి మొగల్లో సాల్మన్ చేపలు పట్టడం నేర్చుకుందట. పెట్టె తెరిచి చూపించింది. ఎర్రవి, నారింజవి, పసుప్పచ్చవి, గాలపు ముల్లుకు కట్టిన ఈకల గుత్తులు.

"ఎర యాడుంది మేడం?"

"ఇదే ఎర అండి. దీన్ని ఫ్లై అంటారు."

"ఈకలకు చేప వస్తదా?"

"అక్కడ వస్తుంది. ఏట్లోకి ఎక్కే సాల్మన్ ఆకలితో కరవదు, చిరాకుపడి కరుస్తుంది. అందుకే ఇంత రంగు."

హన్మాండ్లు నీళ్ళకేసి చూశాడు. చిట్టి వెండిచేపలు గుంపుగా చెదురుతున్నాయి. వాటి వెనక పెద్దవేవో మెరుస్తున్నాయి.

"ఇక్కడియి ఆకలి మీదున్నయ్ మేడం. అగో, పిల్లల మీద పడ్తున్నయ్ సూడు. నీళ్ళు గింత తేటగున్నప్పుడు ఎర్రది కనవడితే బెదురుతయ్. తెల్లగ, సన్నగ, ఏలంత పొడుగుండాలె. నీళ్ళు కలకబారితే నల్లది కట్టు."

డబ్బాకు చుట్టిన నైలాను తాడులోంచి నాలుగు తెల్లటి పోగులు పీకాడు. ఆమె ఒక వట్టి ముల్లు తీసి, దాని కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేసి ఇచ్చింది.

"అది నొక్కితే చేప జారిపోతది గద."

"పోతే పోనీండి."

అతనికి అర్థం కాలేదు. అయినా పోగులు కట్టి ఇచ్చి, చూద్దామని ఆమె వెనకే నిలబడ్డాడు. గాలి కుడివైపు నుంచి వీస్తోంది. అలాంటప్పుడు దారం పక్కకు కొట్టుకొస్తుందని, వెనక ఎవరూ ఉండకూడదని అతనికి తెలియదు. ఆమె చూసుకోకుండా విసిరింది.

ముఖంమీద రాయి తగిలినట్టయింది. చెయ్యి పెట్టి చూసుకుంటే చెంపకు తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. ముల్లు రెప్పకింద ఎముక దగ్గర దిగింది. వేళ్ళకు నెత్తురంటింది. చెవుల్లో సముద్రం ఆగిపోయింది. కన్ను పోయిందనుకున్నాడు. ఒంటి కన్నువాణ్ణి ఎత్తుమీదికి ఎవరు ఎక్కనిస్తారు?

"కదలకండి," అంటున్న ఆమె గొంతు ఎక్కడినుంచో వినిపించింది. ముల్లు ఒంపు పట్టుకుని వెనక్కి లాగింది. సూది వచ్చినట్టు సులువుగా వచ్చేసింది. ఆమె అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చింది.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరు తన చిటికెన వేలు చూపించాడు. కంటికీ గాయానికీ మధ్య ఉన్నది ఆ వేలి మందమే.

మరుసటి శుక్రవారం ఆమె రెండు జతల కళ్ళద్దాలు తెచ్చింది. గాలి ఎటు వీస్తోందో చూసి, అతన్ని దారం రాని పక్కన, దూరంగా నిలబెట్టింది. అదే తెల్ల ఫ్లై. మూడో విసురుకే చెయ్యంత తోలుపార చేప పడింది. పది నిమిషాలు పోరాడి దగ్గరికి లాగి, ముల్లు తీసి, చేపను నీళ్ళలోకి వదిలేసింది.

హన్మాండ్లుకు మతిపోయింది. "ఎందుకిడిసినవ్ మేడం? ఇంటిల్లిపాదికి కూరయ్యేది."

"వదలడానికే కదండీ ఎదురుముల్లు నొక్కేది. అది ఉంటే దాని నోరు చీలిపోతుంది."

ఆ మాటకు అతని చెయ్యి చెంపమీదికి పోయింది. చేపను తలుచుకుని నొక్కిన ముల్లు కాబట్టే ఆ రోజు తన చెంప చీల్చకుండా బయటికొచ్చింది.

ఇంటికాడ భార్య నర్సవ్వకు మాత్రం ఇనుపతీగ గీరుకుందని చెప్పాడు. "దుబాయ్‌ల గింత పైలం లేకుంటెట్ల?" అందామె ఫోన్‌లో. గల్ఫ్ అంతా ఆమెకు దుబాయే. "ఉంటున్న తియ్," అన్నాడు.

ఇప్పుడు అల్ ఖోర్ తీరంలో ఫ్లై వేసేవాళ్ళు నలుగురైదుగురు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. అతను ముందు నీళ్ళు చూస్తాడు, తరవాతే పోగులు ఏరతాడు. కళ్ళద్దాలు లేనివాళ్ళకు కట్టి ఇవ్వడు. ఒక్కోసారి డ్యూటీలో, ఎనిమిదో అంతస్తు పైపుమీద నిలబడి, కన్ను పోయి ఉంటే ఎలా ఉండేదోనని ఒక కన్ను మూసి కిందికి చూస్తాడు. వెంటనే రెండో చెయ్యి కూడా పైపును పట్టుకుంటుంది.