వినపడదని చెప్పలేకపోయిన రోజులు

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మేం నలుగురం వరండాలో కూర్చుని పేకాడుతున్నాం. వరంగల్ శివార్లలో చర్చి వాళ్లు నడిపే వృద్ధుల ఆశ్రమంలో నేను చేరి అప్పటికి నాలుగు నెలలు. పక్కన కూర్చున్న కొమురయ్య తన ముక్కలు చూసుకుంటూనే నన్నేదో అడిగాడు. "జబ్బు ఉన్నదా?" అన్నట్టు వినపడింది.

"నాకేం జబ్బు లేదు. గుండ్రాయి లెక్క ఉన్న," అన్నాను.

మిగతా ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కొమురయ్య కూడా నవ్వి, ఒళ్లు రుద్దుకుంటున్నట్టు చేత్తో చూపించాడు. అతను అడిగింది సబ్బు.

నేనూ నవ్వాను గాని ముఖమంతా వేడెక్కింది. తలనొప్పిగా ఉందని చెప్పి, ముక్కలు కింద పెట్టి గదికి వెళ్లిపోయాను. మర్నాడు ఆటకు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు.

నా పేరు శౌరయ్య. ముప్పై ఒక్క ఏళ్లు రైల్వేలో బొగ్గు ఇంజన్ల మీద పనిచేశాను. మొదట బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని, తర్వాత డ్రైవర్‌ని. కాజీపేటలో ఇల్లు. నాకూ మా ఆవిడ మరియమ్మకూ పిల్లలు లేరు. ఆమె పోయాక ఒక్కణ్ణే వండుకు తినలేక, నా అంతట నేనే ఈ ఆశ్రమానికి వచ్చాను. ఎవరూ నన్ను తెచ్చి దింపలేదు.

చెవులు మందగిస్తున్నాయని ఉద్యోగంలో ఉండగానే నాకు తెలుసు. డ్రైవరుకు చెవి పోతే ఇంజన్ దిగాల్సిందే. భయపడి, చివరి ఏళ్లలో ఏదో కారణం చెప్పి షెడ్డు పని అడిగి తీసుకున్నాను గాని, అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెదాలు చూసి సగం, అంచనాతో సగం నెట్టుకొచ్చాను. ఇంట్లో మరియమ్మ గొంతు నాకు అలవాటు కాబట్టి పెద్దగా ఇబ్బంది రాలేదు. ఆశ్రమంలో నలభై మంది, నలభై గొంతులు. రిటైరయ్యాక దాచుకోవాల్సిన పనే లేదు. అయినా దాచే అలవాటు పోలేదు.

ముందు పేకాట మానేశాను. తర్వాత సాయంత్రం ప్రార్థన మానేశాను, పాటలో నేనొక్కణ్ణే ఒక వరస వెనకపడుతున్నానని. తర్వాత భోజనాల హాలుకు వెళ్లడం మానేశాను. మోకాళ్ల నొప్పులని అబద్ధం చెప్పాను. ఆశ్రమం చూసుకునే సిస్టర్ ఫిలోమినా జాలిపడి, రెండు పూటలా కంచం నా గదికే పంపే ఏర్పాటు చేసింది. ఆమె మంచి మనసుతోనే చేసింది. కానీ ఆ కంచం వచ్చిన తర్వాత నాకు గది దాటే పనే లేకుండా పోయింది.

ఆరు నెలలు గడిచేసరికి తిన్నది ఒంటికి పట్టడం లేదు. తెల్లవారుతుంటే, మళ్లీ ఒక రోజు గడపాలే అని దిగులుగా ఉండేది. గడ్డం గీసుకోబుద్ధి కాలేదు. ఎవరైనా వచ్చి మాట్లాడితే ఊఁ కొట్టి పంపేసేవాణ్ణి. వారానికోసారి ఆశ్రమానికి వచ్చే డాక్టరు నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. నేను రెండింటికీ తప్పు జవాబే చెప్పి ఉంటాను. ఆయన సిస్టర్ వైపు తిరిగి, "వయసు మీద పడింది, మతిమరుపు మొదలైంది," అన్నాడట. బి కాంప్లెక్స్ రాసిచ్చి వెళ్లిపోయాడు.

ఏడాది దాటాక, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం. గదిలో ఉక్కపోస్తుంటే వరండాలో కుర్చీ వేసుకుని, గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. నా వెనక ఐదారడుగుల దూరంలో కొమురయ్య గది. అతనిది వర్ధన్నపేట దగ్గర ఊరు, జీవితమంతా వ్యవసాయ కూలి చేసినవాడు. ఆ పూట అతనికి ఛాతీలో నొప్పి వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడి "శౌరన్నా" అని మూడుసార్లు పిలిచాడట. నేను తిరిగి చూడలేదు. అతను గడప మీదే కూలబడిపోయాడు.

చాటతో బియ్యం ఏరడానికి వరండాలోకి వచ్చిన ఎల్లవ్వ, మాతోపాటే ఆశ్రమంలో ఉండే ఆమె, చూసి కేక పెట్టింది. ఆ కేక నాకు వినపడింది. తిరిగి చూసేసరికి ఆమె అతని తల ఒళ్లో పెట్టుకుని ఉంది. అతని కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఆ చూపు నేను మరిచిపోలేను.

సిస్టర్ల జీపులో అతన్ని పెద్దదవాఖానకు తీసుకుపోయారు. హార్ట్ అటాక్, కాకపోతే చిన్నదే అన్నారు.

మర్నాడు పొద్దున ఎల్లవ్వ నా గది గుమ్మంలో నిలబడింది. పాలకుర్తి ప్రాంతం మనిషి. ఈ పొలం నుంచి ఆ పొలానికి కేకేసి మాట్లాడిన గొంతు. ఆశ్రమంలో నాకు పూర్తిగా వినపడే గొంతు అదొక్కటే.

"ఏమన్నా, మనిషివేనా నువ్వు? పక్కకెల్లి గంతగనం పిలుస్తాంటే మర్లి సూడకపోతివి. కొమురన్న నీకేం జేసిండే?"

నేను తల వంచుకున్నాను.

"మాట్లాడవేంది?"

"నాకు ఇనపడలే."

"ఏంది?"

"ఇనపడలే, ఎల్లవ్వా. శానా ఏండ్ల సంది నాకు సరిగ ఇనపడుతలేదు."

ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "గీ ముచ్చట చెప్పనీకి నీకేమైంది?" అంది. "నీకు మతి తప్పిందనుకుంటాన్నం మేమంత. నిన్ను ఎనుక రూములకు మార్వాలని సిస్టరమ్మ అంటాంది."

వెనక గదుల్లో మంచం దిగలేని వాళ్లను ఉంచుతారు. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ ముందు వరండాలోకి రావడం నేను చూడలేదు. ఎల్లవ్వ లేచి నేరుగా ఆఫీసు గదికి పోయి, ఆశ్రమం మొత్తానికీ వినపడేలా సిస్టర్‌కు నా సంగతి చెప్పింది. ఇన్నేళ్లు దాచింది అలా రెండు నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది. సిగ్గనిపించింది. కొంచెం తేలిగ్గానూ అనిపించింది.

ఆ వారమే సిస్టర్ నన్ను పెద్దదవాఖానలో ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళ్లింది. ఒక డాక్టరమ్మ ట్యూనింగ్ ఫోర్కు మోగించి చెవి వెనక ఆనించింది. చిన్న గదిలో కూర్చోబెట్టి ఎంత వినపడుతోందో చూసే ఆడియోగ్రామ్ తీశారు. కాగితం మీద గీత మధ్య దాకా బాగానే వచ్చి, అక్కడి నుంచి కిందికి జారిపోయింది.

"నర్వ్ డెఫ్‌నెస్, రెండు చెవుల్లోనూ వినే నరం దెబ్బతింది. ఇంజన్ల చప్పుడు వల్ల వచ్చింది. ఆపరేషన్ లేదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే పనవుతుంది," అంది, నా ముఖంలోకి చూస్తూ, నిదానంగా. కాగితాలు మడుస్తూ ఆగి, "తాతా, నిద్ర పడుతోందా? ఆకలవుతోందా? ఊరికే ఏడుపొస్తోందా?" అని అడిగింది.

మూడో ప్రశ్నకు నేను తల ఊపాను.

ఆమె చీటీ రాసి సైకియాట్రీ ఓపీకి పంపింది. అక్కడి డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. "దీన్ని డిప్రెషన్ అంటారు. ముసలితనం కాదు, మతి పోవడం అసలే కాదు. దీనికి మందు ఉంది," అన్నాడు.

సిస్టర్ నొచ్చుకుంది. "మేం ఏ లోటూ చేయలేదు డాక్టర్. అన్నం కూడా గదికే పంపిస్తున్నాం."

"ముందు అదే ఆపండి సిస్టర్," అన్నాడాయన. మాత్రల పేర్ల కింద ఇంకో వరస రాశాడు: భోజనం హాల్లోనే, నలుగురితో.

అంతటితో బాగుపడ్డానని చెప్పలేను. ఆ మాత్రలకు నోరు ఎండిపోయేది, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. పదో రోజున స్నానాల గదిలో పడ్డాను. ఎడమ మణికట్టు విరిగి పిండికట్టు వేశారు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. మళ్లీ మంచం పట్టాను, ఈసారి ఇంకా లోతుకు. డాక్టరు కోప్పడలేదు. "మాత్ర సగం చేస్తాను. కానీ మానేయడం నా చేతిలో ఉంది, నీ చేతిలో కాదు," అన్నాడు.

చెవి మిషనూ అంతే. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, చొక్కా జేబులో పెట్టుకోవాలి, దాన్నుంచి చెవికి తీగ. మొదటి రోజు హాల్లో పెట్టుకుంటే నలభై స్టీలు కంచాలు ఒక్కసారి నా తలలో మోగాయి. తీగ పీకేసి బయటికొచ్చేశాను. డాక్టరమ్మ, "రోజుకో గంటే పెట్టుకో. ముందు ఒక్క మనిషితో మాట్లాడు, తర్వాత ఇద్దరితో," అంది.

ఆ ఒక్క మనిషి ఎవరో నాకు తెలుసు. కొమురయ్య దవాఖాన నుంచి వచ్చి చాలా రోజులైంది. నాకు వినపడదని అందరూ చెప్పినా నమ్మక, నన్ను చూస్తే తల తిప్పుకుని పోతున్నాడు. ఒక పొద్దున నా కుర్చీ తీసుకెళ్లి అతని మంచం ఎదురుగా వేసుకున్నాను. అతను గోడ వైపు తిరిగి ఏదో అన్నాడు.

"ఇటు తిరిగి చెప్పు కొమురయ్యా. నాకు ఇనపడదు," అన్నాను.

అతను తిరిగి, చెవిలో తీగ చూశాడు. "గదేంది, రేడియోనా?"

"చెవి మిషిన్. నువ్వు పిలిచిన్నాడు నాకిది లేదు. నువ్వు పడిపోతాన్నవని తెలిస్తే నేను గట్ల కూసుంటనా?"

కొమురయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత, "దవాఖానల పండుకొని గదే సోంచాయించిన. సబ్బు అడిగిన్నాడు నవ్వినందుకు శౌరన్న పగవట్టిండనుకున్న," అన్నాడు. "జర ముందుగాల చెప్తే ఏం పోయేదే?"

"సిగ్గయింది."

"నీ సిగ్గుకు నా పానం పోతుండె గదనే!"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను కళ్లు తుడుచుకున్నాను. అతను నా పిండికట్టు చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

సిస్టర్ ఫిలోమినా కూడా మారింది. హాల్లో అందరూ వరసగా గోడకేసి కూర్చుని తినే పద్ధతి తీసేసి, నలుగురికో బల్ల వేయించింది. కంచాల కింద బట్ట పరిపించింది. నన్ను కిటికీ పక్కన, ఎదుటివాళ్ల ముఖం మీద వెలుగుపడే చోట కూర్చోబెట్టేవాళ్లు. మా బల్ల దగ్గర ఇద్దరు ఒక్కసారే మాట్లాడితే ఎల్లవ్వ ఊరుకునేది కాదు. సాయంత్రాలు మళ్లీ పేకాట మొదలైంది. పది నెలలకు డాక్టరు మాత్రలు పూర్తిగా ఆపాడు.

రెండో ఏడు వానాకాలంలో మిషను పాడై, బాగుకోసం హైదరాబాద్ పంపితే నెల పట్టింది. మళ్లీ గదిలో ముడుచుకోబోయాను. కొమురయ్య ఒక పలక తెచ్చాడు. అతనికి చదువు రాదు. బొమ్మలు గీసేవాడు. చాయ్ తాగుదామంటే గ్లాసు, నడుద్దామంటే రెండు కాళ్లు. ఆ కాళ్లు చూస్తే కోడి కాళ్లనిపించేవి. ఆ నెల అలా గట్టెక్కింది.

ఇప్పుడు నాకు డెబ్బై మూడేళ్లు. చర్చిలో పాట ఇప్పటికీ వెనకబడే పాడతాను, పట్టించుకోను. ఎల్లవ్వ ఇంకా కేకేసే మాట్లాడుతుంది. ఆమె రాగానే మిషన్ గొంతు తగ్గించుకుంటాను, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. సిస్టర్ నాకొక పని అప్పగించింది: భోజనాల వేళ ఏ కుర్చీ ఖాళీగా ఉందో చూడడం. మొన్నామధ్య కొత్తగా చేరిన ఒక రిటైర్డ్ టీచరమ్మ, నడుము నొప్పి, అన్నం గదికి పంపమంది. మూడు రోజులు వెళ్లి ఆమె ఎదుట కూర్చున్నాను. నాలుగో రోజు, అందరి ముందూ తింటుంటే చెయ్యి వణుకుతుందని, కూర ఒంటి మీద ఒలికిపోతుందని నెమ్మదిగా చెప్పింది. ఇప్పుడు మా బల్ల దగ్గరే తింటోంది, చెంచాతో.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ దగ్గర ఉన్న పెద్దవాళ్లు నలుగురిలోకి రావడం మానేస్తే వయసైపోయిందని వదిలేయకండి. కంచం పంపకండి, మీరే వెళ్లండి. వెలుతురులో, వాళ్లకు మీ ముఖం కనపడేలా కూర్చుని, ఏది కష్టంగా ఉందో అడగండి. మొదటి రోజు అబద్ధమే చెబుతారు, నేనూ చెప్పాను. మర్నాడు మళ్లీ వెళ్లండి.