హాల్లో వేసిన గుడారం

విమలకుమారిది చీరాల. అక్కడ నర్సుగా చేసింది. అమెరికాలోని హెర్న్‌డన్ వచ్చాక అక్కడి కౌంటీ ప్రభుత్వం తరఫున ఇల్లు లేనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లే ఉద్యోగంలో చేరింది. వాళ్లను నచ్చజెప్పి ముందు షెల్టర్‌కి, ఆ తర్వాత ఓ ఇంటికి చేర్చడం ఆమె పని. ఆదివారం తెలుగు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. మిగతా వారమంతా ఆమె బూట్లకు బురదే.

షాపింగ్ సెంటర్ వెనక చెట్లలో లొరెట్టా అనే పెద్దావిడ గుడారం వేసుకుని ఉండేది. ఒకప్పుడు స్కూల్ క్యాంటీన్‌లో వంట చేసిన మనిషి. భర్త పోయాడు, అద్దె పెరిగింది, ఇల్లు వదలాల్సి వచ్చింది. షెల్టర్ పేరెత్తితే చాలు, మొహం తిప్పుకునేది.

“ఒకసారి వెళ్లాను. పొద్దున లేచేసరికి నా బూట్లు లేవు,” అంది.

విమల మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వెళ్లినప్పుడల్లా ఆమె కాలి పుండు కడిగి కట్టు కట్టేది. ఆ కాసేపూ లొరెట్టా క్యాంటీన్ కబుర్లు చెప్పేది. పిల్లలు బీన్స్ తినలేక జేబుల్లో దాచుకునేవారట.

చివరికి కౌంటీ ఆమెకు చిన్న అపార్ట్‌మెంట్ ఇచ్చింది. చర్చివాళ్లు మంచం ఇచ్చారు. విమల భర్త దేవకుమార్ తన వ్యాన్‌లో సామాను చేరవేశాడు. లొరెట్టా పరుపును చేత్తో తడిమి, “బాగుంది,” అంది. అంతే.

మర్నాడు విమల వెళ్లి చూస్తే హాల్లో గుడారం వేసి ఉంది. లొరెట్టా అందులోంచి తల బయటపెట్టింది.

“కోప్పడతావా?”

“ఎందుకు కోప్పడతాను?”

“ఆ గదిలో కప్పు మరీ ఎత్తు. నిద్ర పట్టలేదు.”

విమల బూట్లు విప్పి, వంగి లోపలికి దూరింది. ఇద్దరూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు.

“తుఫానుకి మా ఇల్లు కూలిపోయింది, నా చిన్నప్పుడు,” అంది విమల. “మళ్లీ కట్టుకున్నాక కూడా మా అమ్మ వాకిట్లోనే పడుకునేది. కప్పు కిందకి రావాలంటే భయం.”

“మరి ఎప్పుడొచ్చింది?”

“ఓ వాన పడింది. తడవడం ఇష్టంలేక వచ్చేసింది.”

లొరెట్టా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ సాయంత్రం సంగతి విని దేవకుమార్ ఆశ్చర్యపోయాడు. “అపార్ట్‌మెంట్ ఇచ్చినా టెంటేనా? మీ ఆఫీస్‌లో ప్రాబ్లమ్ అవ్వదూ?”

“ఏం అవ్వదండీ. సెటిల్ అవ్వడానికి టైమ్ పడుతుంది. మనం కొత్తగా వచ్చినప్పుడు మీరు సూట్‌కేసులు ఎన్నాళ్లు అన్‌ప్యాక్ చేయనివ్వలేదు?”



కొన్నాళ్లకు గుడారం పడకగది గుమ్మం దాకా జరిగింది. ఆపైన మంచం పక్కకి చేరింది. ఎండాకాలం వచ్చేసరికి మడతపడి అలమరలోకి వెళ్లింది. విమల ఏ ఒక్కసారీ దాన్ని తీసేయమని అడగలేదు.

ఓ మధ్యాహ్నం విమల తలుపు తట్టింది.

“ఎవరు?”

“నేనే, విమలని.”

“వన్ మినిట్! ఇంకా రెడీ అవ్వలేదు. అక్కడే ఉండు.”

చెట్లలో ఉన్నన్నాళ్లూ ఎవరు పడితే వాళ్లు గుడారం జిప్ లాగి ఆమె మీదకి తొంగి చూసేవాళ్లు. విమల కారిడార్‌లో గోడకి ఆనుకుని నిలబడింది. లోపల కుళాయి కట్టేసిన చప్పుడు, చెప్పుల చప్పుడు. ఎంతసేపైనా ఉండమంటే ఉండేదే.

తలుపు తెరుచుకుంది. లొరెట్టా జుట్టు తడిగా, నున్నగా దువ్వి ఉంది.

“ఇప్పుడు రా,” అంది.