రోడెల్ తిట్టిన కోచ్

వెనిగర్‌లో వెల్లుల్లి ఉడికే వాసనకి నాకు సౌదీలోని ఖోబర్‌లో మా పక్క గది గుర్తొస్తుంది. కువైట్ యుద్ధం నాటికి నాకు ఏడేళ్లు. మా అబ్బా డ్రైవరు. పక్క గదిలో రోడెల్, దాంతే అని ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్లుండేవారు. రోజూ వంట చేస్తూ, వాళ్ల దేశపు బాస్కెట్‌బాల్ కోచ్‌లలో ఎవరు గొప్ప, ఎవరు దండగ అని కొట్లాడుకునేవారు. అబ్బాను పంచాయితీకి కూర్చోబెట్టి, వచ్చీరాని హిందీలో అరిచేవారు.

"చెప్పు భాయ్! గెలిచే ఆటని చెడగొట్టినోడు గాడిద కాదా?" అని ఒకరోజు రోడెల్ గిన్నె మీద గరిటె మోగించాడు.

మగవాళ్లు అంత కోపంగా తిట్టేది వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్‌నే, అదీ తలుపేసుకుని. కోచ్ కూడా కఫీలే అనుకున్నాను. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కఫీల్ పేరు మీదే ఉండేది.

"చాచా, మంచి కోచ్ దగ్గరికి ఇఖామా మార్చుకో!" అన్నాను.

దాంతే పడీపడీ నవ్వాడు. రోడెల్ నవ్వలేదు.

"వీణ్ని తిట్టొచ్చు బేటీ. మా పాస్‌పోర్టులు వీడి దగ్గర లేవు."

యుద్ధమొచ్చింది, ఇంటికి పోతామన్నా వాళ్ల కఫీల్ పాస్‌పోర్టులు ఇవ్వలేదట. అబ్బా తర్వాత చెప్పాడు.

పెళ్లయ్యాక మా ఆయనా అక్కడే పనిచేశాడు. సెలవులో వస్తే క్రికెట్ చూస్తూ ఒకటే తిట్లు. చాలించమని కసిరేదాన్ని. ఇప్పుడాయన బతికుంటే పక్కన కూర్చుని, నిజంగా ఎవరిని తిడుతున్నావని అడిగేదాన్ని.